నాలుగో కార్డు

కట్టమంచిలో సుజన్ సార్ ఇల్లెక్కడ అని అడుగుతూ ఏడాదికి పది పదిహేను మంది వస్తారు. అందరూ ఫ్యాక్టరీల మనుషులే. చేతిలో కాలిపోయిన వస్తువొకటి ఉంటుంది, ముఖంలో నెత్తురు చుక్క ఉండదు. వీధిలోవాళ్ళు నీలం గేటు చూపిస్తారు. తలుపు తీసిన యాభై ఏళ్ల ఆడమనిషిని చూసి, "సార్ లేరామ్మా?" అంటారు.

"నేనేనప్పా. రా, కూర్చో" అంటుంది సుజన.

ఆ తర్వాత కూడా వాళ్ళు ఆమెను సార్ అనే పిలుస్తారు. ఫోన్లలో ఆమె పేరు అలాగే ఎక్కిపోయింది. మొదట్లో సరిదిద్దేది. ఇప్పుడు ఇంట్లో భర్త మునిశేఖర్ కూడా, ఆమె కోపంగా ఉన్న రోజుల్లో, సార్ అనే పిలుస్తాడు.

పందొమ్మిదేళ్ల వయసులో, 1994లో, ఆమె తిరుపతిలో శేషాద్రి కంట్రోల్స్ అనే కంపెనీలో టైపిస్టుగా చేరింది. ఫ్యాక్టరీల్లో యంత్రాలను నడిపించే ప్యానెళ్లు అమ్మే కంపెనీ అది. బీరువా అంత ప్యానెల్, అందులో పుస్తకాల్లాగా వరసగా నిలబెట్టిన కార్డులు. మోటారు ఎప్పుడు తిరగాలో, వాల్వు ఎప్పుడు మూసుకోవాలో ఆ కార్డులే చెబుతాయి. సుజన పని లేబుళ్లు కొట్టడం. ఒక్కో కార్డుకు మూడు లేబుళ్లు: పెట్టె పైన ఒకటి, లోపల ఒకటి, ఆఫీసు కాపీ ఒకటి. నంబరు, ఊరు, తేదీ. పదకొండేళ్లు అదే పని చేసింది. కొందరికి చిన్నప్పుడు విన్న పాటలు ఎలా పోవో, ఆమెకు ఆ నంబర్లు అలా పోలేదు. కంపెనీ మూతపడింది. కార్డులు తయారుచేసే విదేశీ కంపెనీ కూడా వాటిని ఆపేసింది. సుజన పెళ్లయి చిత్తూరు వచ్చేసింది. నంబర్లు మాత్రం ఆమెతోనే వచ్చాయి.

"ఆ తలకాయలో నా పుట్టినరోజు పెట్టేదానికి చోటు లేదు గానీ, పుత్తూరు నూలుమిల్లుకు పోయిన నట్టు నంబరు మాత్రం ఉండాది" అంటాడు మునిశేఖర్.

పుత్తూరు నూలుమిల్లుతోనే ఈ వ్యవహారం మొదలైంది. ఎవరో పాత కాగితాల్లో ఆమె పేరు చూసి ఫోన్ చేశారు. ఫలానా కార్డు దేశంలో ఎక్కడా దొరకడం లేదమ్మా అన్నారు. ఆమె కూర పోపు వేస్తూ, అలాంటివి మూడు వచ్చాయని, ఒకటి మీదేనని, ఒకటి శ్రీకాళహస్తి దగ్గర మూతపడిన గాజు ఫ్యాక్టరీలో ఉండాలని చెప్పింది. వెళ్లి చూస్తే ఉంది.

అప్పటినుంచి ఆమెకు తెరిపి లేదు. యంత్రం నిక్షేపంగా ఉంటుంది. పుస్తకమంత కార్డు ఒకటి పోతుంది. ఫ్యాక్టరీ మొత్తం నిలబడిపోతుంది. కొత్త ప్యానెల్ కావాలంటే ఎనిమిది నెలలంటారు. అందుకని సుజన్ సార్ కావాలి. ఆమె దగ్గర సరుకు ఒక్కటీ ఉండదు. ఎక్కడ ఉందో తెలుస్తుంది, అంతే. ఒక కార్డు కోళ్లగూటి తలుపుకు గడియగా దొరికింది. నగరిలో ఒక నేతపని వాళ్ళింట్లో కరెంటు పెట్టె ఒకటి గ్రైండరు కింద ఎత్తు కోసం పెట్టి ఉంది. గ్రైండరు ఆడేటప్పుడు వచ్చే లయ పోతుందని ఆ ఇల్లాలు నాలుగు రోజులు ఇవ్వలేదు. ఒక ప్యానెల్ తెర అయితే ఎవరిదో పెళ్లి ఆల్బంలో, పెళ్లికూతురి వెనకాల గోడకు ఆనించి కనిపించింది. ఆ పెళ్లివాళ్ళను వెతుక్కుంటూ సుజన గంగాధర నెల్లూరు దాకా పోయింది. భోజనం కూడా పెట్టారు.

అయితే ఇన్నేళ్లలో ఒక్క కార్డు పనిచేస్తుండగా ఆమె కళ్లతో చూసింది లేదు. వాటి లేబుల్ తెలుసు, ఊరు తెలుసు. అవి ఏం చేస్తాయో తెలియదు. బస్సులో పక్క సీటువాళ్ళు ఒడిలోని పొట్లం చూసి అదేమిటని అడిగితే "స్పేరు" అని కిటికీలోంచి బయటికి చూసేది.

ఈ జూన్‌లో మునిరత్నం వచ్చాడు.

అతను తవణంపల్లె దారిలో మామిడి గుజ్జు తీసే కోదండ పల్ప్ ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. నలభై ఏళ్లుంటాయి. గేటు దగ్గర చెప్పులు విడిచి, ఒక చెప్పు లోపల, ఒక చెప్పు బయట పడేసి వచ్చాడు. సంచిలోంచి ఒక కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. మధ్యలో నల్లగా మాడి ఉంది.

"సార్, తోతాపురి సీజను. గేటు బయట లారీలు రెండు కిలోమీటర్లు నిలబడినాయి. కాయలు మెత్తబడతా ఉండాయి. నిన్న ఒక రైతు మా ఓనరు జయచంద్ర సారును ఆఫీసు రూములో పెట్టి బయట గడియేసేసినాడు."

"ఇప్పుడు యాడుండాడు?"

"లోపలే ఉండాడు సార్. ఏసీ ఉండాది కదా, ఆడే బాగుండాదని చెప్తా ఉండాడు."

సుజన కార్డును తిప్పి నంబరు చూసింది. కె.ఎస్. 4107. కళ్ళు మూసుకుంది.

"నాలుగొచ్చినాయి" అంది కళ్ళు తెరవకుండానే. "ఒకటి రేణిగుంటలో పిడుగు పడి కాలిపోయింది. ఒకటి నగరి అద్దకం షెడ్డుకు పోయింది. దాన్ని పాతసామాను కింద మద్రాసుకు ఎత్తేసినారు. మూడోది మీది. నాలుగోది పలమనేరు. పాల డెయిరీ. తొంభై ఆరు మార్చి."

"ఆ డెయిరీ ఉండాదా సార్?"

"మూసేసి తొమ్మిదేళ్లయింది."

బెంగళూరులో ఉన్న డెయిరీ ఓనరు నంబరు సంపాదించి ఫోన్ చేస్తే, ఆయన పెద్దగా నవ్వాడు. "అది ఇంకా ఉండాదా? తీసుకుపోండమ్మా, నాకెందుకు" అన్నాడు. యంత్రాలన్నీ ఎప్పుడో అమ్మేశానని, ఏమీ ఉండకపోవచ్చని కూడా అన్నాడు. అరగంటలో మునిరత్నం, సుజన ఫ్యాక్టరీ కారులో మొగిలి ఘాటు ఎక్కుతున్నారు. ఎక్కేకొద్దీ గాలి చల్లబడింది. మునిరత్నం మాత్రం చెమట తుడుచుకుంటూనే ఉన్నాడు.

పలమనేరులో ఆ డెయిరీ ఉన్న సందును పాల డిపో వీధి అంటారు. ముప్పై నలభై ఇళ్లు, సగం ఇళ్లకు వెనుక పశువుల కొట్టాలు. డెయిరీ గేటుకు తాళం లేదు. లోపల పెద్ద హాలు, నేల మీద యంత్రాలు పీకిన బోల్టు గుంతలు. ఒక గోడ దగ్గర మాత్రం ఒక ప్యానెల్, దాని ముందు ఇనుప కుర్చీ, కుర్చీలో ఖాకీ చొక్కా వేసుకున్న అరవై ఆరేళ్ల పెద్దమనిషి. ఆయన కోడి ఈకతో కార్డుల మీద దుమ్ము దులుపుతున్నాడు.

"ఎవరమ్మా? పాలు తెచ్చినారా?" అన్నాడు.

ఆయన పేరు యోగానంద. డెయిరీలో ఆపరేటరుగా ఇరవై ఏళ్లు చేశాడు. మూసేసిన రోజు అందరూ ఇళ్లకు పోయారు. ఈయన మర్నాడు ఉదయం మామూలుగా డ్యూటీకి వచ్చాడు. ఎందుకంటే ప్యానెల్ నుంచి యంత్రాల తీగలన్నీ పీకారు గానీ, పైకప్పు మీది సైరన్‌కు పోయే తీగను పీకడం మరిచిపోయారు. కరెంటు బిల్లు బెంగళూరు ఓనరు బ్యాంకు ఖాతాలోంచి నెలనెలా దానంతట అదే పోతూ ఉంది. ఆయనకు ఆ సంగతి గుర్తే లేదు. కాబట్టి తొమ్మిదేళ్లుగా ఆ కార్డు, చల్లబరచడానికి పాల చుక్క లేకపోయినా, పొద్దున ఐదుకు, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం ఐదుకు సైరన్ మోగిస్తూనే ఉంది.

"జీతం ఎవరిస్తారు పెద్దాయనా?" అని సుజన అడిగింది.

"సైరన్ మోగతా ఉంటే డ్యూటీ లేదని ఎట్ల అనుకునేదమ్మా?" అన్నాడాయన.

కార్డు సంగతి ఎలా మొదలుపెట్టాలా అని సుజన ఆలోచిస్తుండగా ఫోన్ మోగింది. జయచంద్ర. ఆమె ఎత్తింది. అదే క్షణంలో ప్యానెల్‌లో ఎర్ర దీపాలు ఒకదాని వెనక ఒకటి కిందినుంచి పైకి పరుగెత్తాయి. ఏదో టక్కుమంది. నెత్తి మీద సైరన్ ఊళ పెట్టింది. ఫోన్‌లో జయచంద్ర "ఏంది సార్, ఏమైంది, యుద్ధమా" అని అరుస్తున్నది కూడా వినబడలేదు. ఆమె ఫోన్ కట్ చేసేసింది. ఆమె చూపంతా ఆ దీపాల మీదే ఉంది. తాను లేబుల్ కొట్టిన కార్డు. ముప్పై ఏళ్లనాటిది. అది ఒక పని చేస్తోంది.

కిటికీలోంచి చూస్తే వీధిలో ఆవులన్నీ ఒక్కసారి తలలెత్తాయి. ఎదురుగా టీ అంగడిలో ఢిల్లీబాబు పొయ్యి ఆర్పి తుండు దులుపుకున్నాడు. ఒక ఇంట్లోంచి కంచాల చప్పుడు వచ్చింది.

"ఒంటిగంట" అన్నాడు యోగానంద తృప్తిగా.

మునిరత్నం తన ఫోన్ చూసుకుని, "ఒంటిగంట యాడ పెద్దాయనా, ఎప్పుడో దాటిపోయింది కదా" అన్నాడు.

"అది ఫోన్ టైమప్పా. కలెక్టరాఫీసుకు పనికొస్తాది. ఈడ సైరన్ టైము."

సంగతేమిటంటే, కార్డులోని గడియారం రోజుకు సెకనులో ముక్కాలు భాగం వెనకబడుతుంది. దాన్ని సరిచేసే చిన్న పెట్టెను చివరి ఇంజనీరు తనతో తీసుకుపోయాడు. తొమ్మిదేళ్లలో ఆ ముక్కాలు సెకన్లన్నీ కూడుకుని, పాల డిపో వీధి మొత్తం దేశం కంటే ముప్పావు గంట వెనకపడింది. ఎవరికీ ఇబ్బంది కాలేదు. పదీ నలభై అయిదు బస్సును వీధివాళ్ళు పదిగంటల బస్సు అంటారు. అది ఏనాడూ లేటు కాదని దాని మీద గౌరవం. ఢిల్లీబాబు మనవడు పుట్టినప్పుడు జాతకం రెండు రాయించారు, ఒకటి ఆసుపత్రి టైముకు, ఒకటి సైరన్ టైముకు. రెండోదాంట్లో రాజయోగం ఉండడంతో అదే ఖాయం చేశారు.

సుజన మెల్లగా విషయం చెప్పింది. లారీలు, కాయలు, గడియ వేసిన ఆఫీసు రూము. యోగానంద శ్రద్ధగా విన్నాడు. రెండు కిలోమీటర్ల లారీలు అన్నచోట కళ్ళు తుడుచుకున్నాడు.

"పని లేకుండా తొమ్మిదేళ్లు కూర్చున్నాది కదమ్మా ఇది. పని ఉండే చోటికి పిలిస్తే నేను వద్దంటానా? కానీ సైరన్?"

సైరన్‌కు సుజన దగ్గర జవాబు ఉంది. బజారుకు వెళ్లి ఎలక్ట్రికల్ అంగడిలో అరచేయంత టైమరు కొనుక్కొచ్చింది. రోజుకు మూడుసార్లు కాదు, ముప్పైసార్లయినా మోగిస్తుంది. ఆమె తిరిగొచ్చేసరికి మునిరత్నం ఆత్రం ఆపుకోలేక కార్డు పీకేసి తుండులో చుట్టేసుకుని ఉన్నాడు. డెయిరీ ప్రోగ్రాము ఉండే చిన్న చిప్పును ఊడదీసి యోగానంద చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని వక్కాకు సంచిలో భద్రపరిచాడు.

"టైము ఎంతకు పెట్టాలి పెద్దాయనా?" అని సుజన టైమరు బటన్ల మీద వేలు పెట్టి అడిగింది.

యోగానంద ప్యానెల్ వైపు చూశాడు. ప్యానెల్‌లో దీపాలు లేవు. కార్డు ఉన్నచోట నల్లటి సందు.

"టైము దాంట్లోనే కదమ్మా ఉండేది" అన్నాడు.

ముగ్గురూ తుండువైపు చూశారు. కరెంటు పోయినప్పుడు ప్యానెల్‌లోని బ్యాటరీ కాపాడేది గానీ, కార్డు బయటికి వస్తే గడియారం సున్నాకు పోతుంది. మళ్ళీ పెట్టినా సున్నా నుంచే మొదలవుతుంది. ముప్పావు గంట అనేది సుమారుగా అనుకునే మాటే గానీ, సరిగ్గా ఎన్ని నిమిషాలో ఏనాడూ ఎవరూ రాసిపెట్టుకోలేదు. పాల డిపో వీధి టైము పోయింది.

ఈ వార్త బయటికి ఎలా పాకిందో గానీ, పది నిమిషాల్లో హాలు నిండిపోయింది. అందరికంటే ముందు సిద్ధమ్మ వచ్చింది. ఆమెకు పదకొండు ఆవులు. వీధిలో ఆమె మాటకు తిరుగులేదు.

"ఎవురు తీసింది?" అంది.

మునిరత్నం సుజన వెనక్కి జరిగాడు. "సార్ చెప్తేనే..." అన్నాడు.

"యా సారు? ఈడ సారెవురుండారు?" సిద్ధమ్మ చుట్టూ చూసి, సుజన దగ్గర ఆగింది. "ఇదో పాపా, నా ఆవులు సైరనింటేనే సేపతాయి. ఇనబడకపోతే నాలుగు కాళ్లూ నేల్లో పాతేసి నిలబడతాయి గానీ పాలిడవవు. ఒకసారి మోటారు చెడిపోయి మోగకపోతే మూడు రోజులు పొదుగులు రాళ్లయిపోయినాయి. నువ్వొచ్చి పిండతావా?"

"మోగిస్తాం అక్కా. టైమే తెలియాల. ఎన్ని నిమిషాలు వెనక?"

"నలభై" అన్నాడు ఢిల్లీబాబు. "నేను పాలు కాచేది లెక్కబెట్టి చెప్తా ఉండా."

"నలభై ఎనిమిది" అన్నాడొక రిటైర్డు వీఆర్వో. అతను రోజూ సాయంత్రం సైరన్ మోగాక రేడియో పెడతాడు. కాకపోతే అతని రేడియో తిరుపతి స్టేషను పడుతుందో బెంగళూరు స్టేషను పడుతుందో అతనికే తెలియదు.

ఒకామె ముప్పై ఆరు అంది. ఆమెది పక్కవీధి అని తేలడంతో కూర్చోబెట్టేశారు. గంట గడిచింది. ఎవరి నిమిషాలు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. చివరకు సిద్ధమ్మే తీర్పు చెప్పింది. మనుషుల్ని అడిగితే తెగదు. ఆవులకు తెలుసు. సాయంత్రం ఆవుల ముందు కూర్చుందాం. అవి ఎప్పుడు చేపుతాయో అప్పుడు ఐదు. అంతవరకు ఆ కార్డు వీధి దాటకూడదు.

మునిరత్నం కార్డును పొట్టకు అదుముకుని సుజన వైపు చూశాడు. సుజన ఏం చెయ్యగలదు? గేటు దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. ఒకడి చేతిలో పేడ ఎత్తే పార కూడా ఉంది, అతను వచ్చింది పనిలోంచే అయినా.

సాయంత్రం ఐదుకు, ఫోన్ ఐదుకు, సిద్ధమ్మ కొట్టంలో యాభై మంది చేరారు. పదకొండు ఆవులు వరసగా కట్టేసి ఉన్నాయి. సుజనకు మొదటి వరసలో ముక్కాలిపీట వేశారు. యోగానంద డెయిరీలో సైరన్ స్విచ్చు మీద చేయి పెట్టుకుని నిలబడ్డాడు. ఆయనకు కబురందించడానికి ఢిల్లీబాబు వీధి మధ్యలో ఎర్ర తుండు పట్టుకుని నిలబడ్డాడు.

ఎవరూ మాట్లాడడం లేదు. ఆవులు నెమరు కూడా వేయడం లేదు. ఇంతమంది ఎందుకొచ్చారో వాటికి అర్థం కాక చూస్తున్నాయి. ఐదుంబావు అయింది. ఐదున్నర అయింది. ఒక ఆవు తోక ఎత్తింది. యాభై మందీ ముందుకు వంగారు. అది పేడ వేసింది. యాభై మందీ వెనక్కి సర్దుకున్నారు.

"అక్కా" అని సుజన సిద్ధమ్మ చెవిలో మెల్లగా అంది. "అవి సైరన్ కోసం సూస్తా ఉండాయి. మనం వాటికోసం సూస్తా ఉండాం. ఇట్లయితే తెల్లారిపోతాది."

ఈ సంగతి సిద్ధమ్మకు తట్టలేదు.

సరిగ్గా అప్పుడే సుజన ఫోన్ మోగింది. యాభై మందీ ఉలిక్కిపడ్డారు. ఒక ఆవు కూడా. జయచంద్ర.

"సార్! మధ్యాహ్నం మీకు చేసినాను, ఏదో ఊళ పెట్టి కట్ చేసేసినారు. మళ్ళీ ఎత్తరు. యాడుండారు? కార్డు దొరికిందా లేదా? నన్ను ఇంకా బయటికి వదల్లేదు, టిఫిను కిటికీలోంచి ఇస్తా ఉండారు!"

"దొరికింది సార్, తెస్తా ఉండాం, ఆవులు..." అని సుజన ఆగిపోయింది. "మధ్యాహ్నం చేసినారా? సైరన్ మోగేటప్పుడు?"

"ఏమో, యుద్ధం మాదిరి..."

ఆమె ఆయన మాట పూర్తికాకుండానే కట్ చేసి, ఫోన్‌లో వచ్చిన కాల్స్ జాబితా తెరిచింది. కోదండ జయచంద్ర. మధ్యాహ్నం ఒంటిగంట నలభై మూడు. పదకొండు సెకన్లు.

"నలభై మూడు!" అని అరిచింది. నలభై మూడు నిమిషాలు. ఆ మాట కొట్టంలోంచి వీధిలోకి, వీధిలోంచి డెయిరీ గేటు దాకా నోటినోటా పోయింది. ఎవరో ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. అప్పుడు సుజన ఫోన్‌లో ఇప్పటి టైము చూసింది. ఐదూ యాభై ఒకటి. సైరన్ ఎనిమిది నిమిషాల కిందటే మోగి ఉండాలి.

"మోగించు!" అని సిద్ధమ్మ కేక వేసింది. ఢిల్లీబాబు ఎర్ర తుండు ఊపాడు. ఊపుతూ ఊపుతూ ఒక చుట్టు తిరిగాడు కూడా. డెయిరీ పైకప్పు మీద సైరన్ గొంతెత్తింది.

పదకొండు తలలూ లేచాయి. సిద్ధమ్మ మొదటి ఆవు కింద కూర్చుని పొదుగు మీద చేయి వేసింది. సుయ్‌మని పాలధార చెంబులో పడింది. ఆ చప్పుడుకు వీఆర్వో కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మునిరత్నమైతే ఏడ్చేశాడు. అతని ఏడుపు లారీల కోసం.

ఇక టైమరు. సుజన నలభై మూడు నిమిషాలు వెనక్కి పెట్టబోయింది.

"ఆగు పాపా" అంది సిద్ధమ్మ చెంబు మీంచి తల ఎత్తకుండానే. "ఇయ్యాల యాభై ఒకటికి మోగింది కదా. ఆవులు ఒప్పుకున్నాయి. రేపు మళ్ళీ మార్చి వాటిని తికమక పెట్టొద్దు. యాభై ఒకటే ఉండనీ."

వీధిలో కొందరు గొణిగారు. ఎనిమిది నిమిషాలు ఊరికే పోగొట్టుకోవడమేమిటన్నారు. బస్సు సంగతేమిటని ఒకరు అడిగారు. అప్పటికి డెయిరీ నుంచి వచ్చిన యోగానంద ముందుకొచ్చి, కాస్త దిగులుగా, ఒక ప్రశ్న వేశాడు.

"అమ్మా, ఈ కొత్తది రోజూ వెనకబడతాదా?"

"పడదు పెద్దాయనా. ఎంతకు పెడితే అంతే ఉంటాది."

ఆయన కాసేపు లెక్క వేసుకున్నాడు. "పాతదే ఉండి ఉంటే, ఇంకో ఏడాదిన్నర రెండేళ్లకు యాభై ఒకటికి మనం ఎట్లాగూ చేరుకునేవాళ్ళమే. ముందుగానే, బిన్నె చేరినాం, అంతే. ఇంక ఈడే ఉంటాం."

దాంతో అందరూ ఒప్పుకున్నారు. సుజన యాభై ఒక్క నిమిషాలు వెనక్కి పెట్టింది. సిద్ధమ్మ ఒక లీటరు పాలు సీసాలో పోసిచ్చి, కారుదాకా వచ్చి, "నువ్వు సారువా, టీచరువా?" అని అడిగింది. "స్పేర్లక్కా" అంది సుజన. సిద్ధమ్మ అర్థమైనట్టు తల ఊపింది.

మామూలుగా అయితే సుజన కట్టమంచిలో దిగిపోవాలి. ఆ రోజు దిగలేదు. పద, నేను కూడా చూస్తానంది. మునిరత్నం మాడిన కార్డులోని చిప్పును ఊడదీసి, పలమనేరు కార్డులో గుచ్చి, కార్డును ప్యానెల్‌లోకి తోశాడు. దీపాలు వెలిగాయి. ఎక్కడో లోపల ఆవిరి బుస్సుమంది. బెల్టు కదిలింది. తోతాపురి కాయలు ఒకదానినొకటి తోసుకుంటూ నీళ్లలోకి దొర్లాయి. బయట మొదటి లారీ ముందుకు జరిగింది. రైతు వచ్చి ఆఫీసు రూము గడియ తీశాడు. జయచంద్ర బయటికి వచ్చి, చేతులు జోడించి, మునిరత్నం వెనక, గేటు దగ్గర, కారులో, అన్నిచోట్లా సుజన్ సార్ కోసం వెతికాడు. ఆయన ఆమెను ఎప్పుడూ చూడలేదు; ఫోన్‌లో గొంతు విని సారుది సన్నగొంతు అనుకున్నాడు. ఆమె ఆయన పక్కనే నిలబడి కాయలను చూస్తూ ఉంది.

ఆగస్టులో సీజను అయిపోయింది. ఫ్యాక్టరీ కడిగి మూసేసిన మరునాడు యోగానంద ఖాకీ చొక్కాతో, జేబులో కోడి ఈకతో గేటు దగ్గర ప్రత్యక్షమయ్యాడు. కార్డును చూడాలన్నాడు. చూశాడు. తుడిచాడు. తర్వాత జయచంద్రతో, మళ్ళీ మే నెల దాకా దానికి పని లేదు కదా, అన్ని నెలలు చీకట్లో పెడితే ఏమవుతుందో ఏమో, పలమనేరు పంపితే రోజుకు మూడుసార్లయినా మోగుతుంది, సీజనుకు ముందు తానే తెచ్చి అప్పజెబుతానని చెప్పాడు. ముప్పై ఏళ్ల వ్యాపారంలో జయచంద్రను ఇలాంటి మాట ఎవరూ అడగలేదు. సుజన్ సారుకు ఫోన్ చేశాడు.

"పంపించండి" అంది సుజన. "పెట్టెలో పెట్టేదానికంటే నడిచేదే మేలు."

ఆ కార్డును పలమనేరు చేర్చే బాధ్యత ఆమెదే అయింది. అది సున్నా గంటల నుంచి మొదలవుతుంది కాబట్టి దాన్ని సరిగ్గా రాత్రి పన్నెండూ యాభై ఒకటికి ప్యానెల్‌లోకి తోయాలి. యోగానంద ఆ పూట మేలుకుంటానన్నాడు.

చిత్తూరు బస్టాండులో ఎక్కి, పొట్లం ఒడిలో పెట్టుకుని కూర్చుంది. పక్క సీట్లో బంగారుపాళెం నుంచి ఎక్కిన ఒక పెద్దామె కాసేపు పొట్లాన్నే చూసి, "ఏంది తల్లీ అది?" అంది.

సుజన అలవాటుగా కిటికీ వైపు తిరగబోయి ఆగింది. పొట్లం ముడి విప్పి, కార్డును వెలుగులోకి పట్టుకుని చూపించింది. ఇందులో దీపాలుంటాయి, అవి కిందినుంచి పైకి పోతాయి అని మొదలుపెట్టింది. ఘాటు మలుపులన్నీ అయ్యేదాకా చెప్పింది. కాయలు ఎలా దొర్లుతాయో చెప్పింది, ఆవులు ఎలా తలెత్తుతాయో చెప్పింది. ముందు సీటువాళ్ళు కూడా వెనక్కి తిరిగి విన్నారు.

పెద్దామె చివరిదాకా విని, కార్డును అటూఇటూ తిప్పి చూసింది.

"పాలు పిండబోతే మా ఎనుము తంతాది" అంది. "దానికేమైనా కార్డుండాదా, కొంచెం సూడు తల్లీ."

సుజన ఆమె ఫోన్ నంబరు రాసుకుంది.